ఎర్రమన్ను పూసిన ఉద్దులు

ఇందిరా నగర్‌లో ఒక అడ్డవీధి మొదట్లో ఉన్న ఇడ్లీ అంగట్లో, పొయ్యికి ఎదురుగా అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఉన్నవి బిస్కెట్లు కావు, వచ్చే పంటకు విత్తనాలు. తమిళ ఊళ్ళో ఉన్నా తెలుగు మాట్లాడే ఆ ఇంట్లో మినుములను అందరూ ఉద్దులనే అంటారు, నెలలకు మాత్రం తమిళ పేర్లే వాడతారు. విత్తనానికని ఎత్తిపెట్టిన ఉద్దులకు ఎర్రమన్ను నీళ్ళలో కలిపి పట్టించి, ఎండబెట్టి దాచడం బాలకృష్ణన్ తల్లి నాటి నుంచి వస్తున్న పద్ధతి, ఆ విత్తనమూ ఆమె నాటిదే. మన్ను పట్టిస్తే పురుగు చేరదు. తల్లి పోయాక ఆ పని బాలకృష్ణన్ భార్య మరగతం చేతికి వచ్చింది. మరగతం పురట్టాసి నెలలో, దసరా రోజుల్లో పోయింది. జ్వరమని ఆసుపత్రికి నడిచే వెళ్ళింది. నడిచి రాలేదు.

మార్గళి చివర్లో, సంక్రాంతి ముందు, వానలు వెనకపట్టి బాహూరులోని తన పొలంలో నీళ్ళు తీశాక, బాలకృష్ణన్ ఆ డబ్బా కోసం అంగడికి వచ్చాడు.

"సుగంధీ, ఆ డబ్బా దించు."

సుగంధి మరగతానికి చెల్లెలు. అక్క ఉన్న రోజుల్లో పిండి రుబ్బడం ఒక్కటే ఆమె పని. ఇప్పుడు అంగడంతా ఆమే చూసుకుంటోంది. ఇడ్లీ పళ్ళెం మీది తడిగుడ్డ తీయబోతున్నదల్లా ఆగింది.

"ఏ డబ్బా బావా?"

"ఆడ ఎన్ని డబ్బాలుండాయి? విత్తనాలది."

"ఈ ఏడు కొత్త విత్తనం కొనుక్కోరాదా? సర్కారు డిపోలో మంచివి ఇస్తాండారంట."

"మీ అక్క చేత్తో మన్ను పట్టించినవి ఉండంగా డిపోకి ఎందుకు పోవాల?"

ఆమె స్టూలు ఎక్కి డబ్బా దించింది. ఆయన చేతికి ఇచ్చింది కానీ, వెంటనే పట్టు వదల్లేదు.

"ఏంది, దీన్ని కూడా ఇడ్లీకి నానేస్తావా?" అన్నాడు బాలకృష్ణన్.

"తీసుకుపో బావా" అంది సుగంధి, చేతులు తీసేసి. ఆపైన గుడ్డ తీసి, ఆవిరి మొహానికి తగులుతున్నా వెనక్కి జరగకుండా, ఇడ్లీలు ఒక్కొక్కటే ఒలిచి గంపలో వేసుకుంటూ ఉండిపోయింది.

డబ్బాను మోపెడ్ ముందు పెట్టుకుని బాలకృష్ణన్ బయలుదేరాడు. బాహూరులో ఆయన పొలానికి పక్కపొలం సుబ్బరాయన్‌ది. సుబ్బరాయన్ తన పొలాన్ని చదునుచేసి ఇళ్ళ స్థలాలుగా అమ్మేశాడు. తెల్లరాళ్ళు పాతిన ఆ నేలకు రోడ్డు మీదికి దారి కావాలి. ఆ దారి బాలకృష్ణన్ పొలంలోంచి పోవాలి. మరగతం పోయినప్పటి నుంచి వారానికొకసారైనా ఫోన్ చేస్తున్నాడు. పరామర్శతో మొదలుపెట్టి స్థలం దగ్గర ఆపుతాడు. బాలకృష్ణన్ ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు.

"మా అమ్మ విత్తనం మొలుస్తా ఉన్నంతకాలం ఇయ్యను. అది ఆగిపోయిన ఏడు వచ్చి అడుగు, మాటకూడా ఆడకుండా ఇచ్చేస్తా."

ఊరికే అన్న మాట కాదది. భార్య లేని ఇంట్లోంచి లేచి పొలానికి పోవడానికి ఆయనకు మిగిలిన కారణం ఆ డబ్బా ఒక్కటే.

*

వాళ్ళ సంసారమంతా ఉద్దుల మీదే నడిచింది. వరి కోశాక మిగిలిన తడిలో ఆయన ఉద్దులు పండించేవాడు. వాటిని ఆమె పట్నంలో రుబ్బి ఇడ్లీలు చేసేది. అంగడికి వచ్చేవాళ్ళు పొద్దున్నే డ్యూటీకి పోయే మున్సిపాలిటీ వాళ్ళు, బస్సు డ్రైవర్లు, మూతబడిన మిల్లులో ఒకప్పుడు పనిచేసిన ముసలివాళ్ళు. పొలంలో పని లేని రోజుల్లో బాలకృష్ణన్ బల్ల దగ్గర నిలబడి చట్నీ వడ్డించేవాడు. వడ్డిస్తూ, "ఇది బాహూరు ఇడ్లీ అన్నా, నా చేన్లోది. బర్మా పిండి కాదు" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

బర్మా అంటే ఆయనకు పడదు. పెద్ద బజారులో రాజేంద్రన్ పప్పుల మండీ ముందు ఎప్పుడూ రెండు బస్తాలు మూతి విప్పి ఉంటాయి. ఒకటి నాటు ఉద్దులు, రెండోది బర్మా ఉద్దులు. సరిగ్గా బాహూరులో కోతలయ్యే వేళకు బర్మా ఓడ చెన్నపట్నం రేవుకు వస్తుంది. ఓడ వచ్చిందన్న కబురు సరుకుకంటే ముందే మండీకి చేరుతుంది, ధర ఆ పూటే దిగుతుంది. పన్ను లేకుండా దిగుమతి చేసుకునే గడువును సర్కారు మళ్ళీ పొడిగించిందని విన్న రోజు బాలకృష్ణన్ రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా ఆ ఓడను తిడుతూనే ఉండేవాడు.

మరగతం వినేంతసేపు వినేది. "మామా, నీ ఉద్దులు ఎండాకాలం పోయి ఆడి నెల వచ్చేసరికి అయిపోతాయి. ఆడి నుంచి పంగుని కోతల దాకా ఇందిరా నగర్ జనం నోరు కట్టుకోవాల్నా?" అనేది.

"ధర బాగుంటే ఇంకా నాలుగు కయ్యలు ఎక్కువ వేస్తా."

"వేసినాక వాన వస్తే?"

వాన వచ్చిన ఏళ్ళు ఉన్నాయి. ఒక ఏడు ఇక్కడ వాన ముంచింది, అక్కడి నుంచి ఓడ రాలేదు. నాటు బస్తా, బర్మా బస్తా రెండూ ఖాళీ. ఆ కార్తీకంలో మరగతం ఇడ్లీ గుంటల్లో పిండి తగ్గించి పోసింది. ఒక డ్రైవర్ పళ్ళెం పైకెత్తి చూసి, "అక్కా, ఇడ్లీకి జ్వరం వచ్చిందా, చిక్కిపోయిందే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మిల్లు ముసలాళ్ళలో ఒకాయన మాత్రం రోజూ తినేదాంట్లో ఒకటి తగ్గించి, నీళ్ళు ఎక్కువ తాగి లేచిపోవడం మొదలుపెట్టాడు. అది ఆమె చూసింది.

కురుచికుప్పంలో సముద్రానికి ఎదురుగా ఉన్న అమ్మవారి గుడిలో ఆమె ఏడాదికి రెండు మొక్కులు మొక్కేది. పంగునిలో, మామ ఉద్దులు బండికెత్తే ముందు, ధర పెరగాలని. ఐప్పసి వానల్లో, అంగడికి పప్పు కొనే ముందు, ధర తగ్గాలని.

"ఆ తల్లి ఏ మొక్కు వినాల?" అని బాలకృష్ణన్ ఎకసెక్కం చేసేవాడు.

"నెలను బట్టి వింటాది. నీ మాదిరి ఏడాది పొడుగునా ఒకే పాట పాడదు."

*

తై నెల మొదటి వారంలో, సంక్రాంతి వెళ్ళగానే, తడి ఆరకముందే, బాలకృష్ణన్ డబ్బా మూత తీశాడు. ఎర్రమన్ను పట్టి ఆరిన గింజలు ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉన్నాయి. వాటిని చేత్తో నలిపి విడదీస్తూ చల్లాలి. మొదటి పిడికిలి నలుపుతుండగానే ఆ మన్ను వాసన వచ్చింది. పిళ్ళైచావడి దాటాక పడమటి వైపు నేలంతా ఎర్రగా ఉంటుంది. ఏటా మరగతం బస్సులో అక్కడికి పోయి ఒక సంచి మన్ను తెచ్చేది. మొదటి వాన తర్వాతి మన్ను కావాలని, పైపొర తీసేసి లోపలిది తవ్వాలని ఆమెకు పట్టింపులు ఉండేవి. బస్సు కండక్టర్లు లగేజీ టికెట్ అడిగితే, "మన్నుకు కూడా టికెట్ కొట్టే ఊరు ఇదొకటే" అని దెబ్బలాడేది.

డబ్బా అడుగుకు వచ్చేసరికి ఒక ముద్ద మీద బొటనవేలి గుర్తు కనబడింది. తడిగా ఉన్నప్పుడు నొక్కి విడదీయబోయి, వదిలేసినట్టుంది. ఆ పల్లంలో చర్మం గీతలు కూడా పడి ఉన్నాయి. బాలకృష్ణన్ తన బొటనవేలు దాని దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆనించలేదు. ఆనిస్తే ఆ గీతలు చెరుగుతాయి.

ఆ ముద్దను చల్లలేదు. తువ్వాలు అంచున మూటకట్టి ఇంటికి తెచ్చుకుని, దేవుడి గూట్లో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం తినేముందు చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయి, అరచేతుల ఎరుపు చూసుకుంటూ దాన్ని తిప్పకుండానే చాలాసేపు నిలబడ్డాడు. చివరికి చెంచాతో తిన్నాడు.

గింజలు మొలిచాయి. అక్కడక్కడా ఖాళీలు పడ్డాయి కానీ, మొలిచినవి ఏపుగానే ఉన్నాయి. ఆయన రోజూ పొద్దున్నే పోయి గట్టు మీద కూర్చునేవాడు. ఇంట్లో చెప్పుకోవడానికి ఎవరూ లేని మాటలు అక్కడ వచ్చేవి. మందు కొట్టాలా వద్దా, కాలువలో నీళ్ళు వదిలారా లేదా, సుగంధి చట్నీలో చింతపండు ఎక్కువ వేస్తోంది. పైకి అనేవాడు కాదు. పెదవులు కదిలేవి.

ఆకులు ఎప్పటికంటే వెడల్పుగా వచ్చాయి. వానలు ఎక్కువైన ఏడు అంతే అనుకున్నాడు. పూత ఆలస్యమైంది. చలి ఇంకా పోలేదు కదా అనుకున్నాడు. తీగ కొంచెం పాకుతున్నట్టు ఉంది. దానికి మాత్రం ఏమీ అనుకోకుండా ఇంటికి వచ్చేశాడు.

మాసి మగం పండుగ నాడు సుగంధి పిలిస్తే సముద్రానికి వెళ్ళాడు. చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరినీ ఆ రోజు స్నానానికి వైత్తికుప్పం ఒడ్డుకు తెస్తారు. పోయినవాళ్ళకు నీళ్ళు వదిలేవాళ్ళు కూడా అక్కడికే వస్తారు. బాలకృష్ణన్ మరగతం పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలి ఒడ్డున కూర్చున్నాడు. దూరంగా ఒక ఓడ నిలబడ్డట్టుగా కదులుతోంది.

నిరుడు ఇదే చోట, ఇలాంటి ఓడనే చూపించి, "అదేనేమో బర్మాది" అన్నాడు తను.

"చెన్నపట్నం పోయేది ఈడెందుకు ఆగుతాది, నీ తిట్లు వినేదానికా?" అంది మరగతం. ఆపైన సుండల్ గుగ్గిళ్ళ పొట్లం ఆయన చేతిలో పెడుతూ, "ఆ ఊర్లో కూడా నీ మాదిరి ఒకడుంటాడు మామా. ధర లేదని కూడు ముందు కూర్చోని ఎవర్నో తిడతా ఉంటాడు. ఆ పెండ్లాం మాత్రం ఏం సుఖపడతాదిలే" అంది.

అప్పుడు ఆయనకు నవ్వు వచ్చింది. ఇప్పుడు ఓడ కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు. సుగంధి పక్కనే ఉండి, ఏదో చెప్పబోయినట్టు రెండుసార్లు ఆయన వైపు తిరిగింది.

"ఏంది?" అన్నాడు.

"ఏం లేదు. చేను ఎట్లుంది బావా?"

"బాగుంది. మీ అక్క చెయ్యి గదా."

సుగంధి కొంగు తలమీదికి లాక్కుంది. ఎండ అంత లేదు.

*

పంగునిలో కోత కోశారు. కోత నాడే బాలకృష్ణన్ ఒక కాయ వలిచి గింజలు అరచేతిలో వేసుకున్నాడు. ఆయన పిడికిట్లో చిన్నప్పటి నుంచి ఆడిన గింజ చిన్నది, మసిబారినట్టు ఉంటుంది. ఇవి లావుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. చేతికి అప్పుడే తెలిసింది. మనసుకు చెప్పలేదు.

కొట్టి, తూర్పారబట్టి, బస్తాలకెత్తి రాజేంద్రన్ మండీకి తీసుకెళ్ళాడు. రాజేంద్రన్ వాళ్ళదీ తెలుగిల్లే, తాతల నుంచి బజారులోనే ఉన్నారు. ఆయన బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు గింజలు తీసి, వెలుతురులోకి పట్టి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి జార్చాడు.

"ఏందన్నా, నా సరుకు నాకే తెచ్చినావు?"

"అంటే?"

"ఇది బర్మాది గదా."

"నోరు కడుక్కో రాజేంద్రా. నిన్న మాపటికి నా కళ్ళంలో ఉండింది ఇది."

"కళ్ళంలో ఉండ్లేదని నేనన్నానా?" రాజేంద్రన్ నాటు బస్తాలోంచి ఒక గుప్పెడు, బర్మా బస్తాలోంచి ఒక గుప్పెడు తీసి బల్ల మీద పోసి, రెంటి నడుమ బాలకృష్ణన్ గింజలు పోశాడు. నోటితో ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. చివరికి మెల్లగానే అన్నాడు. "నేల బాహూరుది, గింజ బర్మాది. నాటు అని చెప్పి అమ్మితే ఇడ్లీ అంగళ్ళోళ్ళు నన్ను తంతారన్నా. నాటు ధర రాదు దీనికి. పైగా మొన్ననే ఓడ దిగింది."

బాలకృష్ణన్ బల్ల మీది మూడు కుప్పలను చూస్తూ ఉండిపోయాడు. జీవితమంతా తిట్టిన ఓడ తన గింజల ధరను తగ్గిస్తోంది. ఆ గింజలూ ఆ ఓడలోనే వచ్చాయి. ఎవరిని తిట్టాలో ఆయనకు తోచలేదు. అసలు ఆయనకు అక్కడ ధర గురించిన బాధ లేదు. అమ్మ విత్తనం ఏమైంది అన్నదొక్కటే లోపల తిరుగుతోంది.

రాజేంద్రన్ టీ తెప్పించాడు. తప్పు చేసినవాడిలా, ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడాడు. "నీకొకటి తెలుసా అన్నా, ఆడ వాళ్ళు దీన్ని పెద్దగా తినరంట. ఇడ్లీ అంటే ఏందో కూడా తెలీదంట. మన కోసరమే వేస్తారు. ఆ మధ్య మనోళ్ళు కొనేది ఆపేసిన ఏడు, కోత కూలి కూడా రాదని చేన్లోనే వదిలేసినారని ఏజెంటు చెప్పినాడు."

అలా వదిలేసిన చేను ఎలా ఉంటుందో బాలకృష్ణన్‌కు తెలుసు. ధర బొత్తిగా పడిపోయిన ఒక ఏడు ఆయనా వదిలేశాడు. ఎండకు కాయలు వాటంతటవే పగిలి, గింజలు రాలుతుంటే చేనంతా చిటచిటమని చప్పుడు. ఆ చప్పుడు వినలేక గట్టు మీంచి లేచి వచ్చేశాడు. ఇడ్లీ ఎలా ఉంటుందో తెలియని మనిషి ఒకడు ఎక్కడో గట్టు మీంచి అలాగే లేచి వచ్చి ఉంటాడు. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఊహించబోతే ఆయనకు తన మొహమే వచ్చింది.

"ఉన్న ధరకే వేసుకో" అన్నాడు. "ఒక బస్తా ఆపు. అది నాకు కావాల."

*

అంగడి మధ్యాహ్నానికి మూసేస్తారు. బాలకృష్ణన్ వెళ్ళేసరికి సుగంధి వెనక పంచలో గిన్నెలు కడుగుతోంది. ఆయన బస్తాను గోడకు చేరవేసి, మూతి విప్పి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇవి యాడివి సుగంధీ?"

ఆమె గిన్నెలు వదిలి, చేతులు తుడుచుకుంటూ వచ్చి బస్తాలోకి చూసింది. తల ఎత్తలేదు.

"మంచిగా పండినాయే" అంది.

"నేను అడిగింది అది కాదు."

ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "నెల్లితోపు అంగట్లోవి. రాజేంద్రన్ దగ్గరైతే నీకు చెప్తాడని అక్క ఆడికి పోయింది. నిరుడు కోతలప్పుడు వాన పడె గదా బావా. విత్తనానికని ఎత్తిపెట్టినవి లోపల తడి ఆరలేదు. అక్క ఎండబెడతానే ఉండింది, మబ్బు పోలేదు. ఆడి నెలలో మన్ను పట్టిద్దామని మూట విప్పితే అంతా బూజు. గుప్పెడు కూడా మిగల్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసుందువు?"

బాలకృష్ణన్ బస్తా మూతి మడిచి, మళ్ళీ విప్పాడు.

"సుబ్బరాయన్‌కు ఫోన్ చేసుందువు. నువ్వే చెప్తా ఉంటివి గదా, అది ఆగితే పొలం ఇచ్చేస్తానని. పొలం పోతే ఆయన పొద్దున్నే లేచి యాడికి పోతాడే అనింది అక్క. మన్ను కలిపేటప్పుడు నీళ్ళు పోసింది నేనే. ఇది తప్పు కాదా అక్కా అని అడిగినా. మన్ను పూసినాక అన్నీ ఒక్కటే, మొలిచినాక ఆయన చూసుకుంటాడులే అనింది. చేను పచ్చగా ఉన్నప్పుడు తానే చెప్తాననింది. కోప్పడినా చేను దున్నేయడు గదా అని నవ్వింది."

అక్కడితో ఆగింది. చేను పచ్చగా అయ్యే వేళకు అక్క లేదు.

కుళాయి సరిగ్గా కట్టలేదు. సుగంధి లేచి పోయి దాన్ని బిగించి వచ్చింది.

"ఇన్నేండ్లలో ఒక్క రోజన్నా కనిపెట్టినావా?" అంది సుగంధి, ఈసారి కొంచెం నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "మన ఉద్దులు అయిపోయినాక నాటువే కొంటాండామని నువ్వు అనుకుంటివి, ఆడి నుంచి పంగుని దాకా నీ అంగట్లో నువ్వు తిన్న ఇడ్లీ బర్మాదే. బల్ల కాడ నిలబడి ఇది నా చేన్లోది అని నువ్వు అరుస్తా ఉంటే, అక్క లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకనాడైతే పిండి గరిటె కింద పడేసుకుంది."

బాలకృష్ణన్ బల్ల వైపు చూశాడు. తను ఎప్పుడూ నిలబడే చోటు నుంచి వంటగది తలుపు వెనక భాగం కనబడదు. ఆమె అక్కడ నిలబడి నవ్వేదని ఆయనకు ఇంతవరకూ తెలియదు. తెలియని ఆ నవ్వు ఇప్పుడు, ఆమె లేని అంగట్లో, తనకు కొత్తగా దొరికింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక స్టూలు మీంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇడ్లీ ఏమన్నా మిగిలిందా?" అన్నాడు.

మరగతం పోయాక ఆయన ఆ అంగట్లో ఏమీ తినలేదు. సుగంధి గంప అడుగున ఉన్న చల్లారిన ఇడ్లీలు పెట్టింది. చట్నీ అయిపోయింది. పొడి, నూనె వేసింది. ఆయన ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఇదీ బర్మానేనా?"

"బర్మానే."

"మీ అక్క ఇడ్లీ మాదిరే ఉంది."

"అక్కదీ ఇదే గదా బావా" అంది సుగంధి.

రెండోది తింటుండగా జేబులో ఫోన్ మోగింది. సుబ్బరాయన్. బజారులో ఎవరో చెప్పినట్టున్నారు. "అన్నా, ఎట్లుండావు, తిన్నావా" అని మొదలుపెట్టి, నిదానంగా విషయానికి వచ్చాడు. మీ అమ్మ విత్తనం పోయిందంట గదా, చాలా బాధగా ఉంది, నువ్వొక మాట అనుంటివి అన్నాడు.

బాలకృష్ణన్ ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని బస్తా వైపు చూశాడు. అన్నమాట ఆయనకు గుర్తుంది. మాట తప్పే మనిషి అని ఎవరితోనూ ఇంతవరకు అనిపించుకోలేదు.

"అన్నాను సుబ్బరాయా. అమ్మ విత్తనం ఆగిపోయింది, నిజమే. నీకిచ్చిన మాట తప్పుతాండా. ఎవరికి చెప్పుకున్నా చెప్పుకో. మరగతం పెట్టిపోయిన విత్తనం ఒకటి ఉంది, అది ఇంకా ఆగలేదు. చెయ్యి ఎంగిలి, పెట్టేస్తాండా."

*

మర్నాడు ఆయన మోపెడ్ తీయకుండా బస్సెక్కి పిళ్ళైచావడి దాటి దిగాడు. పైపొర తీసేసి లోపలి మన్ను తవ్వుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కండక్టర్ సంచి వైపు చూసి లగేజీ టికెట్ అన్నాడు. బాలకృష్ణన్ దెబ్బలాడదామనుకుని నోరు తెరిచి, ఆ మాట తన నోటికి పట్టేది కాదని తెలిసి, టికెట్ కొనుక్కున్నాడు.

అంగడి మిద్దె మీద పాత ఇత్తడి బేసిన్లో మన్ను పోసి నీళ్ళు కలిపారు. ఎంత పలచగా కలపాలో ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళూ చల్లడమే తెలుసు. సుగంధి ఆ పక్కన కూర్చుని, "ఇంకొంచెం నీళ్ళు. చాలు. దోసెపిండి మాదిరి ఉండాల బావా, సాంబారు మాదిరి కాదు" అని చెబుతూ ఉంది.

గింజలు పోసే ముందు ఆయన తువ్వాలు అంచు మూట విప్పాడు. దేవుడి గూట్లోంచి తెచ్చిన ముద్ద. సుగంధి చూసింది. బొటనవేలి గుర్తు కూడా చూసింది.

"అది దాచుకో బావా. అది కూడా ఎందుకు?"

ఆయన దాన్ని ఎండలోకి పట్టి ఒకసారి తిప్పాడు. గీతలు ఇంకా ఉన్నాయి. గూట్లో ఉంటే ఇంకా కొన్నాళ్ళు ఉంటాయి, తర్వాత పొడిపొడిగా రాలిపోతాయి. ఆయన ఆ పల్లంలో తన బొటనవేలు ఆనించాడు. తన వేలు దాని కంటే పెద్దది, సరిపోలేదు. తర్వాత ముద్దను నీళ్ళలో వదిలాడు. అది వెంటనే కరగలేదు. అడుగున కాసేపు అలాగే ఉండి, అంచుల నుంచి మెత్తబడుతూ వచ్చింది. మన్నులో మన్ను కలిసింది. అందులోంచి నాలుగైదు గింజలు బయటపడ్డాయి, కొత్త గింజల్లాగే నిగనిగలాడుతూ.

అప్పుడు బస్తాలోంచి ఉద్దులు పోసి రెండు చేతులా కలపడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి గింజలు చాప మీద ఎర్రగా ఆరుతున్నాయి. సుగంధి బిస్కెట్ల డబ్బాను కడిగి, బోర్లించి, ఎండలో పెట్టింది.

"దీని మీద ఏమన్నా రాయాల్నా బావా? నాటు అనా, బర్మా అనా? మళ్ళీ ఎవరికన్నా తెలియాల గదా."

బాలకృష్ణన్ చేతులకు పట్టిన మన్ను ఆరి బిగుసుకుంటోంది. వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నాడు.

"ఏమీ రాయొద్దు" అన్నాడు. "మీ అక్క రాయలేదు గదా."